నగరపు మెట్లు, నడిచేవాళ్ల హక్కు

(ముంబైలో తెలుగు క్రైస్తవ యువజనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మన ధ్యానానికి నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం తీసుకున్నాం. ఈ అధ్యాయం మీద ప్రసంగాలు తక్కువగా వింటాం. తెరిస్తే పేర్లే పేర్లు. ఫలానావాడు ఫలానా గుమ్మం కట్టాడు, అతని పక్కన ఫలానావాడు గోడ బాగుచేశాడు. చాలామంది ఈ అధ్యాయం దాటేసి నాలుగో అధ్యాయానికి వెళ్లిపోతారు. ఈ రోజు 15వ వచనం దగ్గర కాసేపు ఆగుదాం. మిస్పా ప్రదేశానికి అధిపతి అయిన షల్లూము అనే ఆయన ఒక గుమ్మం బాగుచేశాడు, కోనేటి గోడ కట్టాడు. ఆయన పని ఎంతవరకు సాగిందంటే, దావీదు పట్టణం నుండి కిందికి దిగే మెట్ల వరకు.

మెట్లు! దేవుని వాక్యంలో ఒక ఊరి మెట్లకు చోటు దొరికింది. అవి పట్టణంలో నుంచి కిందికి, నీళ్లున్న వైపుకు దిగే మెట్లు. కుండ చంకన పెట్టుకుని రోజూ వాటిమీద ఎవరు దిగి ఉంటారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పన్నెండో అధ్యాయంలో, గోడ ప్రతిష్ఠ జరిగిన రోజున, కృతజ్ఞతా కీర్తనలు పాడుతూ వెళ్లిన గుంపు ఇవే మెట్లు ఎక్కింది. నీళ్ల కోసం దిగిన మెట్లమీదే స్తుతి కూడా ఎక్కింది.

అందుకే మనల్ని మనం ఒక్క ప్రశ్న అడుగుదాం. మనం బతుకుతున్న ఈ నగరంలో నడిచేవాళ్ల మెట్లు ఒక్కొక్కటిగా పోతుంటే, వాటి లెక్క ఎవరు రాస్తున్నారు?

మన అడుగులు

ఈ నగరంలో మన తెలుగువాళ్ల అడుగులు కొత్తవి కావు. కామాఠీపురా అనే పేరే మనవాళ్ల వల్ల వచ్చింది. నిజాం రాజ్యం నుంచి వచ్చి, రాయి మోసి, సున్నం కలిపి, ఈ నగరాన్ని కట్టిన తెలుగు కూలీలను కామాఠీలు అన్నారు. వాళ్లుండే చోటు కామాఠీపురా అయింది. ఇప్పుడు ఆ పేరు చెబితే జనం వేరే అర్థం తీసుకుంటారు. ఆ పేరు వెనక చెమట ఉందని మన పిల్లలకైనా చెప్పుకోవాలి.

తర్వాత బట్టల మిల్లులు వచ్చాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు, వాళ్లతోపాటు మరెన్నో కులాలవాళ్లు పరేల్, వర్లీ, ప్రభాదేవి చుట్టుపక్కల చాళ్లలో స్థిరపడ్డారు. షోలాపూర్, భివండీ కథ కూడా ఇదే. ఉదయం భోంగా మోగితే ఒక షిఫ్టు మెట్లు దిగేది, ఇంకొక షిఫ్టు మెట్లు ఎక్కేది.

పాత చాళ్ల మెట్లు మీరు ఎప్పుడైనా గమనించారా? మెట్టు రెండు చివర్లు ఇంకా సమంగా ఉంటాయి. నడుమ మాత్రం గిన్నెలా గుంట పడి ఉంటుంది. చెక్క మెట్టయినా అంతే, రాతి మెట్టయినా అంతే. దాన్ని ఏ ఉలీ చెక్కలేదు. నీళ్ల బకెట్ మోసిన ఆడవాళ్లు, టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగెత్తిన మగవాళ్లు, బడికి దూకుతూ వెళ్లిన పిల్లలు, నలుగురి భుజాల మీద కిందికి దిగిన పాడె, ఇవన్నీ కలిసి చేసిన గుంట అది. కమ్మీ పట్టుకుని చూస్తే చేతులు తగిలిన చోట నున్నగా మెరుస్తుంది. గోడమీద పెళ్లినాటి పసుపు చెయ్యి ముద్ర, బొగ్గుతో రాసిన లెక్క, తలుపు పక్కన శిలువ గుర్తు కనిపిస్తాయి. మన పెద్దలు దస్తావేజుల్లో పేరు రాయించుకోలేదు. వాళ్ల సంతకం ఆ మెట్లమీదే ఉంది.

పరేల్‌లోని బీఐటీ చాళ్‌లో డాక్టర్ అంబేడ్కర్ కుటుంబం చాలా ఏళ్లు ఉంది. ఎదురెదురుగా రెండు గదులు. విదేశాల్లో చదివి వచ్చిన ఆయన కూడా ఆ మిల్లు కార్మికులు ఎక్కిన మెట్లే ఎక్కాడు.

పూలు పడిన మెట్లు

1982 జనవరిలో మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. రెండు లక్షలకు పైగా కార్మికులు పాల్గొన్నారు. ఆ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిల్లుల స్థలాల్లో ఆఫీసులు, మాల్స్, టవర్లు లేచాయి. రోజూ వచ్చే జనం పెరిగారు. వాళ్లు దిగే స్టేషన్లలో మెట్లు మాత్రం పాతవే ఉండిపోయాయి.

2017 సెప్టెంబర్ 29. మర్నాడు దసరా. ఉదయం పదిన్నర ప్రాంతంలో జోరు వాన. అప్పటికి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ అని పిలిచే స్టేషన్‌ను పరేల్ స్టేషన్‌తో కలిపే ఇరుకైన బ్రిడ్జి అది. వాన తగ్గాక వెళ్దామని జనం మెట్లమీద ఆగిపోయారు. కింద రైలు ఆగుతోంది, వెనక నుంచి కొత్త జనం వస్తున్నారు. పూల మూట జారిపడితే ఎవరో ‘ఫూల్ గిర్ గయా’ అన్నారని, అది ‘పుల్ గిర్ గయా’ అని, అంటే బ్రిడ్జి పడిపోయిందని వినిపించిందని అప్పట్లో చెప్పుకున్నారు. ఆ మాట నిజమైనా కాకపోయినా, పువ్వు పడితే మనుషులు చచ్చిపోయేంత ఇరుకు అక్కడ ముందే ఉంది. ఇరవై ముగ్గురు చనిపోయారు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ మెట్లు చాలవని జనం ముందునుంచే మొరపెట్టారు. ప్రజాప్రతినిధులు ఉత్తరాలు రాశారు. కొత్త బ్రిడ్జికి మంజూరు కూడా అయింది. పని మాత్రం మొదలవలేదు. ప్రమాదం తర్వాత సైన్యాన్ని పిలిచారు. ఐదు నెలలు తిరక్కుండానే, 2018 ఫిబ్రవరి 27న, కొత్త బ్రిడ్జి తెరిచారు. ఐదు నెలల్లో అయ్యే పని అన్నేళ్లు ఎందుకు కాలేదు? ఆ మెట్లు ఎక్కేవాళ్లకు ఆఫీసుల్లో గొంతు లేదు కాబట్టి. నెహెమ్యా ఐదో అధ్యాయంలో బీద జనం, వారి భార్యలు పెట్టిన మొర ఇలాంటిదే. అక్కడ నెహెమ్యా విన్నాడు, కోపపడ్డాడు, పెద్దలను నిలదీశాడు. ఇక్కడ వినడానికి ఇరవై మూడు శవాలు కావలసి వచ్చాయి.

రెండేళ్లు తిరక్కుండానే, 2019 మార్చి 14 సాయంత్రం, సీఎస్‌ఎంటీ స్టేషన్ పక్కన ఉన్న హిమాలయ బ్రిడ్జిలో ఒక భాగం రోడ్డుమీద కూలింది. ఏడుగురు పోయారు. అందులో ముగ్గురు దగ్గరి ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి నడిచి వెళ్తున్న నర్సులు. కొద్ది నెలల ముందు జరిగిన తనిఖీలో ఆ బ్రిడ్జికి చిన్న మరమ్మతులు చాలని రాశారు. కూలిన గంటల్లోనే అది ఎవరి బ్రిడ్జి అనే వాదన మొదలైంది. రైల్వేదా, మునిసిపాలిటీదా? మనుషులు రాళ్లకింద ఉంటే, వాటాలు పంచుకునే మాటలు పైన నడిచాయి. కొత్త బ్రిడ్జి తెరవడానికి 2023 మార్చి దాకా పట్టింది. ఆ నాలుగేళ్లు స్టేషన్ నుంచి వచ్చే జనం బండ్ల నడుమ నుంచి రోడ్డు దాటారు.

దారి మూసినప్పుడు

2025 సెప్టెంబర్‌లో వందేళ్లు దాటిన ఎల్ఫిన్‌స్టన్ రోడ్ బ్రిడ్జిని కూల్చడానికి మూసేశారు. శివ్‌డీ నుంచి వర్లీకి కొత్త ఎత్తైన రోడ్డు వస్తోంది. పాత బ్రిడ్జి బలహీనపడింది, కొత్తది కావాలి. దాన్ని మనం కాదనడం లేదు. అయితే ఒక రోడ్డు మూసేటప్పుడు బండ్లు ఎటు తిరగాలో పటం గీసి పేపర్లో వేస్తారు. నడిచేవాళ్ల సంగతి ఆ పటంలో ఎంతవరకు కనిపిస్తుంది? కేఈఎం ఆసుపత్రికి, టాటా ఆసుపత్రికి ఊళ్ల నుంచి వచ్చే రోగులు, వాళ్ల వెంట వచ్చిన ముసలి తల్లులు, ఇళ్లలో పనిచేసే అక్కలు ఎటు తిరగాలి? కారుకు పది నిమిషాల చుట్టు అంటే పెట్రోలు. కీమోథెరపీ చేయించుకుని వచ్చే మనిషికి పది నిమిషాల చుట్టు అంటే వేరు.

మెట్లమీద బతికేవాళ్లు ఇంకొందరు ఉన్నారు. వెల్లుల్లిపాయలు కుప్పలుగా పోసుకుని కూర్చునే అవ్వ, నిమ్మకాయలు అమ్మే పిల్లవాడు, రబ్బర్ బ్యాండ్లు, పిన్నీసులు అమ్మే గుడ్డి అన్న. 2017 ప్రమాదం తర్వాత నింద అంతా మొదట వీళ్లమీదే పడింది. ఆ ఏడాది నవంబర్‌లో స్టేషన్‌కు 150 మీటర్ల లోపు హాకర్లు కూర్చోకూడదని హైకోర్టు చెప్పింది. ఇరుకు మెట్లమీద సరుకు పెడితే ప్రమాదమే, ఒప్పుకుందాం. కానీ 2014లోనే వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ముందు సర్వే చేయాలి, టౌన్ వెండింగ్ కమిటీ పెట్టాలి, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. తరిమే లారీ మాత్రం టైముకు వస్తుంది. కమిటీ, సర్వే మాత్రం ఏళ్లకు ఏళ్లు నానుతాయి. అవ్వను లేపినచోట ఆమె కూర్చున్న గోనెపట్టా గుర్తు ఇంకా నల్లగా ఉంటుంది. కొద్ది రోజులకు అదీ కడిగేస్తారు.

మెట్లు పోతే అంతా నష్టమేనా?

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. పాతవన్నీ మంచివని పాడుకోవడానికి మనం కూడలేదు. వర్లీ, నాయ్‌గావ్ బీడీడీ చాళ్లు 1920లలో కట్టినవి. 160 చదరపు అడుగుల గది, అంతస్తు అందరికీ కలిపి మరుగుదొడ్లు, లిఫ్టు లేని మూడంతస్తుల మెట్లు. ఇప్పుడు వాటిని కూల్చి 500 చదరపు అడుగుల ఇళ్లు ఇస్తున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి కుటుంబాలకు తాళాలు అందాయి. సొంత మరుగుదొడ్డి వచ్చిందని ఒక తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే, పాత మెట్ల అందం గురించి ఆమెకు చెప్పడానికి మనమెవరం?

అసలు మెట్టు అందరికీ దారి కాదు. మోకాళ్లు అరిగిన తాతకు, చక్రాల కుర్చీలో ఉన్న చెల్లికి మెట్టు ఒక గోడ. అపొస్తలుల కార్యములు మూడో అధ్యాయంలో పుట్టుకుంటివాణ్ణి రోజూ మోసుకొచ్చి శృంగారమనే ద్వారం దగ్గర కూర్చోబెట్టేవారు. గమనించండి, ద్వారం దగ్గరే. లోపలికి తీసుకెళ్లాలని మోసేవాళ్లకు తోచలేదు. పేతురు, యోహానుల ద్వారా స్వస్థత పొందాక అతను చేసిన మొదటి పని ఏమిటి? గంతులు వేస్తూ వాళ్లతోపాటు దేవాలయంలోకి వెళ్లాడు. అన్నేళ్లు గుమ్మం బయట ఉన్నవాడికి కావలసింది లోపల చోటు.

కాబట్టి మెట్టు ఉండాలా, లిఫ్టు ఉండాలా అని వాదించుకోనక్కర్లేదు. పాతది తీసేసినప్పుడు దాని చోట వచ్చేది ఎవరిది అని అడగాలి. చాళ్ మెట్లమీద ఎవరు కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. జ్వరమొచ్చిన పిల్లను ఎత్తుకుని తల్లి మెట్లమీదికి వస్తే నాలుగు తలుపులు తెరుచుకునేవి. టవర్లో కార్డు గీకితేనే గేటు తెరుచుకుంటుంది. కొన్ని చోట్ల పనివాళ్లకు వేరే లిఫ్టు. నెలనెలా కట్టే మెయింటెనెన్స్ భారమై ఆ ఇల్లు అమ్ముకుని విరార్ దాటి వెళ్లిపోతే, 500 అడుగులు ఎవరికి మిగిలినట్టు? మెట్లతోపాటు ఆ నాలుగు తలుపులు కూడా పోకుండా చూసుకోవడం మన పని.

దిగనివ్వని మెట్లు

మహారాష్ట్రలో ఉంటూ మెట్ల గురించి మాట్లాడి మహాడ్ పేరెత్తకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. ప్రజల సొమ్ముతో నడిచే నీటి వనరులు, బడులు, సత్రాలు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మరుసటి ఏడాది మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువు అందరిదీ అని ఒప్పుకుంది. కాగితం మీద అందరిదీ. మెట్లమీద కాదు. పశువులు దిగి తాగే నీళ్లకు దళితులు దిగకూడదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ చెరువులోకి దిగి దోసిలితో నీళ్లు తాగాడు. తర్వాత వాళ్లను కొట్టారు. పేడ, పంచితం కలిపిన కుండలు పోసి చెరువును ‘శుద్ధి’ చేశారు. ఆ చెరువు అందరిదేనని హైకోర్టు తీర్పు రావడానికి 1937 దాకా ఆగాల్సి వచ్చింది. నాలుగడుగులు కిందికి దిగడానికి పదేళ్లు!

ప్రియమైనవారలారా, ఇది మన సంఘాల బయటి సంగతి అనుకోవద్దు. ఒకే రొట్టె విరిచే సంఘాల్లో కూడా కులానికొక బల్ల, కులానికొక సమాధి స్థలం పెట్టుకున్న చరిత్ర ఈ దేశ క్రైస్తవ్యానికి ఉంది. నేటికీ మన మందిరం మెట్లమీద ఎవరు నిలబడతారో, ఎవరు లోపల ముందు వరుసలో కూర్చుంటారో చూడండి. చెప్పులు కాపలా కాసే అవ్వ పేరు మనలో ఎంతమందికి తెలుసు? ముంబైలో మన తెలుగు సంఘాలు చాలావరకు అద్దె హాళ్లలో కూడుకుంటాయి. అవి రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో దొరుకుతాయి. మెట్లెక్కలేక ఆరాధన మానేసిన పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకుందాం. వాళ్ల ఇంటికి ప్రభు బల్ల తీసుకెళ్లడం మంచిదే. నెలకు ఒక్కసారైనా కింది అంతస్తులో కూడుకోవడం ఇంకా మంచిది.

ఎవరి పేరు మిగులుతుంది

మద్రాసులో స్థిరపడ్డ మన సహోదరులకు పరంగిమలై తెలుసు. తోమా కొండ అంటాం. పైకి వెళ్లే నూరుకు పైగా రాతి మెట్లు 18వ శతాబ్దంలో ఖోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియా వర్తకుడు కట్టించాడు. ఆయనే 1726లో అడయార్ నదిమీద సైదాపేట దగ్గర బ్రిడ్జి కట్టించాడు. రెంటినీ బాగుచేయడానికి సొమ్ము కూడా వదిలి వెళ్లాడు. కట్టిన తర్వాత బాగుచేసే ఖర్చు గురించి కూడా ఆలోచించిన దాత ఆయన. నేడు ఆ పాత బ్రిడ్జి లేదు, దాని చోట కొత్తది ఉంది. ఆయన పేరున్న శాసనం ఒకటి మాత్రం రోడ్డు పక్కన నిలిచింది.

ఉస్కాన్ పేరు రాయిమీద ఉన్నందుకు సంతోషిద్దాం. ఆ రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి? ముంబైలో ఏ బ్రిడ్జి శిలాఫలకం చూసినా గవర్నరు పేరుంటుంది, మంత్రి పేరుంటుంది. తట్టలు మోసిన కామాఠీ పేరుండదు. ఇప్పుడు నెహెమ్యా మూడో అధ్యాయం మళ్లీ చదవండి. కంసాలులు ఉన్నారు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లు ఉన్నారు, వర్తకులు ఉన్నారు. 12వ వచనంలో ఒక అధికారి కుమార్తెలు కూడా గోడ కట్టారు. 5వ వచనంలో తెకోవ ఊరి పెద్దమనుషులు పనికి మెడ వంచలేదని కూడా రాసి పెట్టారు. మనకు విసుగు పుట్టించిన ఆ పేర్ల పట్టీ నిజానికి ఒక శిలాఫలకం. పనిచేసినవాళ్లనూ, చేయనివాళ్లనూ దేవుడు రాసి ఉంచాడు.

మనం ఏం చేద్దాం

యువతీ యువకులారా, మూడు పనులు మీ చేతుల్లో పెడుతున్నాం.

మొదటిది, నడవండి, రాయండి. ప్రతి సంఘం తన ఇల్లున్న వార్డులో ప్రజలు నడిచే మెట్లు, బ్రిడ్జిలు, గల్లీ దారులు ఒక పుస్తకంలో రాయాలి. ఎక్కడ కమ్మీ విరిగింది, ఎక్కడ దీపం లేదు, ఎక్కడ దారి మూసేశారు. ఫోటో తీయండి, తారీఖు వేయండి. అక్కడి పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి: ‘అవ్వా, ఈ మెట్లు నీకు ఎప్పటినుంచి తెలుసు?’ ఆ మాట కూడా రాయండి. చాళ్ కూలిన తర్వాత అడగడానికి ఆ అవ్వ ఏ ఊళ్లో ఉంటుందో!

రెండోది, అడగండి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో ఎవరైనా అర్జీ పెట్టవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీరు రోజూ ఎక్కే బ్రిడ్జి ఎవరిది, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఏమని రాశారు, మరమ్మతు ఎప్పుడు అయింది అని అడగండి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ర్యాంపు, లిఫ్టు ఎక్కడున్నాయో అడగండి. వర్లీలోనే కాదు, బెంగళూరులో, బరంపురంలో, యానాంలో ఉన్నవాళ్లు కూడా ఈ అర్జీ పెట్టవచ్చు.

మూడోది, పక్కన నిలబడండి. హాకర్ల లారీ వచ్చిన రోజున, దారి మూసేసిన రోజున, నోటీసు మరాఠీలోనో ఇంగ్లీషులోనో వచ్చి చదవడం రాని ఇంటి ముందు మీరు ఉండండి. నోటీసు చదివి తెలుగులో చెప్పడం చిన్న పని అనిపిస్తుంది. ఆ ఇంటికి అది చిన్నది కాదు.

షల్లూము పట్టణమంతా కట్టలేదు. తన వంతుకు వచ్చిన చోటు నుంచి మెట్ల వరకు కట్టాడు. మెట్లు దిగగానే నీళ్లున్నాయి, నీళ్ల దగ్గర జనం ఉన్నారు. మన పని కూడా అక్కడిదాకా సాగాలి. నిద్రపోతున్న యాకోబుకు భూమినుంచి ఆకాశందాకా దారి చూపిన దేవుడు, బతుకుతెరువు కోసం రోజూ మెట్లెక్కి దిగే తన బిడ్డల కాళ్లు తొట్రిల్లకుండా కాపాడునుగాక. ఆ కాపుదలలో మన చేతులు కూడా ఆయన వాడుకొనునుగాక. ఆమెన్.